పద్దెనిమిదేళ్లు నిలబడిన బుల్లెట్: మొదటి కిక్కుకు ముందు చేయవలసిన పని

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు తిరిగి చెబుతాను. తణుకు దగ్గరి మీ పల్లెలో, పశువుల పాకలో ఒక మూలన, మీ నాన్నగారి 1978 నాటి 350 సీసీ బుల్లెట్ 2007 నుంచి కదలకుండా ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు కిక్ కిందికి దిగడం లేదు. ఊళ్లోని ఒక మెకానిక్ ఇంజన్ మొత్తం దించి, క్రాంకు (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) మార్చి, బోరు కొట్టించి (సిలిండర్ లోపలి గోడను తరిగి వెడల్పు చేయించి), బండికి కొత్త రంగు వేయించాలన్నారు. మరొకాయన ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్, ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి నలుగురు కలిసి తోస్తే లేస్తుందన్నారు. సంక్రాంతికి మీకు రెండు వారాల సెలవు ఉంది కాబట్టి ఎవరి మాట వినాలో చెప్పమన్నారు.

ఇద్దరి మాటా వినవద్దు. మొదటాయన మాట వింటే మీకు డబ్బు నష్టం, రెండో ఆయన మాట వింటే ఇంజన్‌కే నష్టం. విజయవాడలో ముప్పై ఏళ్లుగా పాత బుల్లెట్లు విప్పి బిగిస్తున్నవాడిగా నేను గమనించినది ఏమిటంటే, ఈ ఇంజన్లు నిలబడి ఉన్న సంవత్సరాలలో పాడైనదానికంటే, తిరిగి లేపిన మొదటి పది నిమిషాలలో పాడైనదే ఎక్కువ. నిలబడి ఉన్నప్పుడు పట్టిన తుప్పును కడగవచ్చు, గట్టిపడిన రబ్బరును మార్చవచ్చు, కానీ ఆయిల్ అందకుండా తిరిగిన బిగ్ ఎండ్‌ను (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుకు కలిసే కింది కొసను) బాగు చేయాలంటే, క్రాంకు ఉండే పెట్టె అయిన క్రాంక్‌కేసును రెండుగా విప్పవలసిందే.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. పని నేర్చుకున్న కొత్తలో, పన్నెండేళ్లు నిలబడిన ఒక బుల్లెట్‌ను పాత ఆయిల్ మార్చి, పెట్రోలు పోసి, మూడో కిక్కుకే లేపాను. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాలుగు నిమిషాలు చక్కగా తిరిగింది, తర్వాత కింది నుంచి చెక్క మీద సుత్తితో కొట్టినట్టు మెత్తటి చప్పుడు మొదలై, నేను ఆపేలోపే గట్టిపడింది. విప్పి చూస్తే క్రాంకులోని ఆయిల్ దారిలో పాత ఆయిల్ నల్లటి మైనంలా గడ్డకట్టి ఉంది, కొత్తగా పోసిన ఆయిల్‌లో ఒక్క చుక్క కూడా బిగ్ ఎండ్ బుష్‌కు చేరలేదు. బండి యజమాని ఒక్క మాట అనలేదు కానీ, ఆ క్రాంకు ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ దారి గుండా ఆయిల్ కారడం కళ్లతో చూడనిదే ఏ పాత బుల్లెట్‌కూ కిక్ కొట్టలేదు. ఈ సమాధానంలో చాలా భాగం ఆ ఒక్క చుక్క చుట్టూనే తిరుగుతుంది.

పని మొదలుపెట్టే ముందు పనిముట్ల గురించి ఒక మాట. ఈ బండి ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన నమూనా. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, రెడిచ్ కర్మాగారం మూతపడ్డాక కూడా మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో అదే ఇంజన్‌ను దశాబ్దాల పాటు తయారుచేసింది. అందువల్ల మీ బండిలో చాలా నట్లు బ్రిటిష్ కొలతలవి, వాటికి విట్‌వర్త్ పానాలు కావాలి. మిల్లీమీటర్ల పానాలు పట్టినట్టే పట్టి జారిపోతాయి, ఒకసారి జారితే నట్టు మూలలు గుండ్రమవుతాయి, ఆ తర్వాత ఉలి, సుత్తి తప్ప దారి ఉండదు. మీ నాన్నగారి టూల్ కిట్ పాకలో గానీ అటక మీద గానీ ఉందేమో అమ్మగారిని అడగండి. లేకపోతే ఆటోనగర్‌లో పాత సామాను అమ్మే దుకాణాలలో దొరుకుతాయి. సెలవుకు నెల రోజుల ముందే తెప్పించుకుని ఉంచండి.

పశువుల పాక అన్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పశువుల మూత్రం నుంచి లేచే అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. పెంకుటింట్లో నిలబడిన బండికీ పాకలో నిలబడిన బండికీ తేడా ఇంజన్‌లో కంటే వైర్ల కొసలలో, కార్బురేటర్‌లోని ఇత్తడి జెట్లలో కనిపిస్తుంది. వైరు చివర ఆకుపచ్చని పొడి రాలుతుంటే, పైన రబ్బరు తొడుగు బాగున్నా లోపలి రాగి కూడా చాలా దూరం నల్లబడి ఉంటుంది. అలాంటి వైరింగ్‌ను అతుకులతో కాపాడే ప్రయత్నం వద్దు, మొత్తం మార్చండి.

బండిని పాకలోంచి బయటకు తెచ్చి, సెంటర్ స్టాండు వేసి, కడగకముందే అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ కేబుల్ ఏ పక్క నుంచి వస్తుందో ఆ ఫొటోలే తర్వాత చెబుతాయి. తర్వాత బండిలో ఉన్న గొట్టాలన్నీ చూడండి. మన ప్రాంతంలో కందిరీగలు చిన్న రంధ్రం కనిపిస్తే చాలు, మట్టితో గూడు కడతాయి. సైలెన్సర్ చివర, ట్యాంకు మూతలోని గాలి రంధ్రంలో, కార్బురేటర్ ఓవర్‌ఫ్లో గొట్టంలో, అన్నిటికంటే ముఖ్యంగా ఇంజన్ లోపలి గాలిని బయటకు వదిలే బ్రీదర్ గొట్టంలో మట్టిగూడు లేదని తేల్చుకోవాలి. బ్రీదర్ మూసుకుపోయిన ఇంజన్‌ను లేపితే లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు బయటకు తన్నుకొస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు ఉండడం దాదాపు ఖాయం.

ఇక కిక్ దిగకపోవడం సంగతి. దిగని కిక్ మీద నిలబడి ఎగరవద్దు, ఇంకెవరినీ ఎగరనివ్వవద్దు. దానితో పిస్టన్ కదలదు, గేర్‌బాక్సులోని కిక్ పళ్లు మాత్రం విరుగుతాయి. పిస్టన్ ఎక్కడ పట్టేసిందో ఆలోచించండి. ఈ ఇంజన్‌లో పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ పోత ఇనుము. బండి ఆగిపోయిన రోజున ఏదో ఒక వాల్వు తెరిచి ఉంటే, గోదావరి జిల్లాల తేమగాలి ఆ దారిన లోపలికి వెళ్లి, రింగులు ఆనిన చోట సిలిండర్ గోడకు సన్నని తుప్పు వలయం కడుతుంది. చాలాసార్లు పట్టేసినదంటే ఇదే, అంతకు మించి ఏమీ ఉండదు.

ప్లగ్గు తీసి, డీజిల్, ఆటోమేటిక్ గేర్లకు వాడే ఏటీఎఫ్ ఆయిల్ సమపాళ్లలో కలిపి, ఆ రంధ్రంలోంచి ఒక చిన్న టీ గ్లాసెడు పోయండి. రంధ్రాన్ని గుడ్డతో మూసి మూడు రోజులు వదిలేయండి. మీరు బెంగళూరులో ఉంటారు కాబట్టి ఈ పని సెలవుకు రెండు మూడు వారాల ముందే ఇంట్లో ఎవరి చేతనైనా చేయించగలిగితే మంచిది, వాళ్లు చేయవలసింది పోయడం, ఇంకిపోతే మళ్లీ పోయడం మాత్రమే. మీరు వచ్చాక బండిని నాలుగో గేరులో వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. ముందుకు మాత్రమే బలంగా తిప్పవద్దు. వెంట్రుకవాసి కదలిక వచ్చినా చాలు, ఆ రోజుకు అక్కడితో ఆపి, మళ్లీ కాస్త పోసి మర్నాడు ఊపండి. చక్రం హాయిగా తిరుగుతూ ఇంజన్ మాత్రం కదలకపోతే క్లచ్ జారుతోందని అర్థం. అప్పుడు ఎడమవైపు, క్లచ్‌ను కప్పి ఉండే ప్రైమరీ కవరు విప్పి, క్రాంకు చివరి నట్టుకు పొడవాటి పానా పెట్టి అదే విధంగా అటూ ఇటూ ఊపాలి.

ఇంజన్ కదలగానే సంతోషం పట్టలేక పూర్తిగా తిప్పేస్తారు చాలామంది. అక్కడ ఆగండి. ఒక వాల్వు గైడులో తుప్పు పట్టి తెరిచినట్టే ఉండిపోయి ఉంటే, పైకొచ్చే పిస్టన్ దాన్ని తగిలి కాడను వంచుతుంది. హెడ్డు మీద, వాల్వులను నొక్కే రాకర్ల కవర్లు రెండూ తీసి, ఒక మనిషి చక్రాన్ని అంగుళం అంగుళంగా తిప్పుతుంటే మీరు పైన చూడండి. రెండు వాల్వులూ దిగి, మళ్లీ తమంతట తామే పైకి రావాలి. రాని వాల్వు కాడకు అదే డీజిల్ మిశ్రమం పూసి, ఓపికగా ఉండండి. కిక్ తేలికగా దిగడానికి కంప్రెషన్‌ను వదిలేసే, హెడ్డులోని చిన్న డీకంప్రెషర్ వాల్వు కూడా ఇలాగే ఇరుక్కుపోయి ఉండవచ్చు.

ఇప్పుడు మీ ఇద్దరు మెకానిక్‌లకూ మధ్య దారి ఏమిటో చెబుతాను. ఇంజన్ దానంతట అది కదిలినా సరే, హెడ్డు, సిలిండర్ మాత్రం ఒకసారి పైకెత్తండి. ట్యాంకు తీసేస్తే, ఇంజన్ ఫ్రేములో ఉండగానే ఈ రెండూ వస్తాయి. అయ్యే ఖర్చు గ్యాస్కెట్లది, ఒక రోజు శ్రమది మాత్రమే. క్రాంక్‌కేసు జోలికి మాత్రం కారణం లేకుండా వెళ్లవద్దు.

సిలిండర్ చేతికి వచ్చాక లోపలి గోడను డీజిల్ గుడ్డతో తుడిచి, తుప్పు వలయం ఉన్న చోట వేలిగోరు పైనుంచి కిందికి లాగండి. గోరు తగలకుండా జారిపోతే అది మరక మాత్రమే. లేత్ దగ్గర సన్నగా హోనింగ్ (గోడను రాపిడి రాళ్లతో రుద్దడం) చేయించి, కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. గోరు ఆగితే గుంట పడినట్టు, అప్పుడు బోరు కొట్టించి, ఇరవై థౌ గానీ నలభై థౌ గానీ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్ద పిస్టన్ వేయక తప్పదు. దానికి ముందు, ఇదివరకే ఎంత బోరు కొట్టించారో పాత పిస్టన్ నెత్తి మీద ఉండే అంకె చూసి తెలుసుకోండి. అంకె ఏదీ లేకపోతే అది తొలి కొలత 70 మిల్లీమీటర్ల పిస్టనే అయి ఉండవచ్చు, అయినా లేత్‌లో కొలిపించే నిర్ణయించండి. పిస్టన్ కొనకముందు బోరు కొట్టించకండి. పిస్టన్‌ను లేత్ పనివాడి చేతిలో పెట్టి, దానికి తగ్గట్టు కొట్టమనాలి.

సిలిండర్ తీసి ఉన్నప్పుడే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త ఆడడం సహజం, దాన్ని చూసి బెదిరించే వాళ్లు ఉంటారు, పట్టించుకోవద్దు. నిలువుగా మాత్రం టక్కుమనకూడదు. టక్కుమంటే మొదటి మెకానిక్ చెప్పినదే నిజం, క్రాంకు పని పడుతుంది.

అది బాగుంటే, నాలుగు నిమిషాల బండి నేర్పిన పరీక్ష చేయండి. కుడివైపు టైమింగ్ కవరు మీద, క్రాంకు చివరకు సరిగ్గా ఎదురుగా ఒక ప్లగ్గు ఉంటుంది. ఆయిల్ పంపు నుంచి వచ్చిన ఆయిల్ ఆ చోటే క్రాంకు లోపలికి ప్రవేశించి, దాని కడుపులోని సన్నని రంధ్రాల గుండా బిగ్ ఎండ్‌కు చేరుతుంది. ఆ ప్లగ్గు తీసి, పొడవాటి ముక్కు ఉన్న ఆయిల్ క్యానుతో పలచటి ఆయిల్‌ను ఆ దారిలోకి నెమ్మదిగా ఎక్కించండి. రెండో మనిషి పైనుంచి టార్చి వేసి కనెక్టింగ్ రాడ్డు మొదలు చూస్తుండాలి. మొదట ఏమీ రాదు. క్యాను నొక్కితే వెనక్కి తన్నుతుంది కూడా. తర్వాత రాడ్డుకు రెండు పక్కలా నల్లటి తడి కనిపిస్తుంది, ఆ నలుపు కాస్త గోధుమ రంగుకు తిరిగి, చివరికి మీరు పోస్తున్న ఆయిల్ రంగే కారడం మొదలవుతుంది. అలా శుభ్రంగా కారేదాకా ఎక్కిస్తూనే ఉండండి, అర లీటరు పోయినా ఫరవాలేదు. ఎంత ప్రయత్నించినా తడి కనిపించకపోతే, ఆ దారి మూసుకుపోయినట్టే. అలాంటి క్రాంకును తీసి శుభ్రం చేయించకుండా ఇంజన్ బిగించవద్దు.

ఆయిల్ విషయంలో ఈ ఇంజన్‌కు ఇంకో అలవాటు ఉంది. దీనికి ఆయిల్ ట్యాంకు వేరుగా ఉండదు, క్రాంక్‌కేసు వెనక భాగంలోనే ఒక అరగా ఉంటుంది. బండి చాలాకాలం నిలబడితే ఆ అరలోని ఆయిల్ పంపు సందుల గుండా కొద్దికొద్దిగా ఇంకి, ఫ్లైవీల్ తిరిగే అరలోకి చేరుతుంది. మూత తీసి చూస్తే ఆయిల్ లేదనిపిస్తుంది. తెలియనివాళ్లు రెండు లీటర్లు పైనుంచి పోసేస్తారు. అప్పుడు ఇంజన్‌లో ఉండవలసినదానికి రెట్టింపు ఆయిల్ ఉంటుంది, లేపగానే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వీధంతా కమ్మేస్తుంది, రింగులు పోయాయని ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు. అందుకని అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులన్నీ విప్పి, రెండు అరలనూ ఖాళీ చేయండి. టైమింగ్ కవరులోని ఫిల్టర్ మార్చండి. అప్పుడే కొత్త 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి. ఖరీదైన సింథటిక్ ఆయిల్ ఈ ఇంజన్‌కు అక్కర లేదు.

బిగించడం పూర్తయ్యాక, స్పార్క్ ప్లగ్గు లేకుండా, ఇగ్నిషన్ తాళం ఆన్ చేయకుండా, కిక్‌తో మెల్లగా ఇంజన్‌ను తిప్పుతూ రెండు చోట్ల ఆయిల్ రాకను చూడాలి. ఒకటి, పైన చెప్పిన టైమింగ్ కవరు ప్లగ్గును రెండు చుట్లు వదులు చేసి అక్కడ. రెండోది, సిలిండర్ పక్కగా రాకర్లకు వెళ్లే సన్నని గొట్టపు బోల్టును వదులు చేసి అక్కడ. ఇక్కడ చాలామంది పొరబడతారు. రాకర్ల దాకా ఆయిల్ వచ్చింది కదా, ఇంక భయం లేదనుకుంటారు. ఈ ఇంజన్‌లో రెండు పంపులు ఉన్నాయి. ఒకటి బిగ్ ఎండ్‌కు ఆయిల్ పంపుతుంది, రెండోది కిందికి జారిన ఆయిల్‌ను తోడి పైకి పంపుతూ, ఆ దారిలో రాకర్లకు అందిస్తుంది. రాకర్ల దగ్గర కనిపించే ఆయిల్ రెండో పంపు సంగతి చెబుతుందే తప్ప మొదటిదాని సంగతి చెప్పదు. రెండు చోట్లా చూసినవాడికే నిశ్చింత.

పెట్రోలు ట్యాంకులో ఇప్పుడు ఉన్నది పెట్రోలు కాదు, వార్నిష్ వాసన వేసే బంక. ఖాళీ చేసి, ట్యాపు తీసి రంధ్రం మూసి, లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. మొండి తుప్పు ఉంటే పాత సైకిల్ గొలుసు ఒకటి లోపల వేసి ఊపవచ్చు, వేసినదాన్ని మళ్లీ బయటకు తీయడం మరిచిపోకండి. మర్నాడు పారబోసి, వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆరిన గంటలోపు కాస్త పెట్రోలులో 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బళ్లకు వాడేది) కలిపి లోపలంతా తడిసేలా తిప్పండి, లేకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్లు బయట రంగు మీద పడకుండా చూసుకోండి. ట్యాంకుకు చిల్లు ఉంటే మాత్రం గ్యాసు వెల్డింగ్ దగ్గరకు నేరుగా తీసుకువెళ్లవద్దు. పెట్రోలు ఆవిరి ఖాళీ ట్యాంకులోనే ఎక్కువ ప్రమాదకరం, ఆ పని తెలిసినవాడు ముందు ట్యాంకును నీళ్లతో నింపి గాని నిప్పు దగ్గర పెట్టడు.

ఈ రోజుల్లో బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీల్చుకుంటుంది, 1978 నాటి రబ్బరు గొట్టాలను మెత్తబరిచి ఉబ్బిస్తుంది. అందువల్ల పెట్రోలు గొట్టం, ట్యాపులోని వాషర్లు, కార్బురేటర్ వాషర్లు అన్నీ కొత్తవి వేయండి. వారం రోజులకు మించి నడపనప్పుడు ట్యాపు కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నదంతా ఖాళీ అయ్యేదాకా ఇంజన్ తిప్పండి. కార్బురేటర్ జెట్లలోకి తీగ దూర్చకండి. ఇత్తడి మెత్తనిది, గీత పడితే రంధ్రం పెద్దదవుతుంది. జెట్లను క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, అమ్మోనియా తిని గరుకుబారిన జెట్టును మాత్రం మార్చండి.

కరెంటు వైపు మీ బండి ఆరు వోల్టులది. స్పార్కు పుట్టించడానికి తెరుచుకుని మూసుకునే పాయింట్ల మీద పేరుకున్న మసకను సన్నని ఎమరీతో తీసి, ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. ప్లగ్గు ఎడం అర మిల్లీమీటరు. కండెన్సర్ చవకది కాబట్టి ఆలోచించకుండా మార్చండి. టైమింగ్ కోసం పిస్టన్ కంప్రెషన్ మీద శిఖరానికి చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు ఉన్నప్పుడు పాయింట్లు విడిపోవడం మొదలుకావాలి. దీనికి పాతకాలపు పద్ధతే హాయి. సిగరెట్ కాగితం ఒకటి పాయింట్ల మధ్య పెట్టి వేలితో మెత్తగా లాగుతూ ఇంజన్‌ను తిప్పండి, కాగితం వదులై చేతికి వచ్చే క్షణమే పాయింట్లు తెరుచుకునే క్షణం. బ్యాటరీ బిగించే ముందు, ఏ కొన ఫ్రేముకు కలిపి ఉందో మీరు మొదట తీసిన ఫొటోలో చూసి అలాగే కలపండి. ఫ్యూజు లేకపోతే ఒకటి పెట్టండి, ఎండిన వైర్లున్న బండికి ఫ్యూజు లేకపోవడం గడ్డివాము పక్కన దీపం లాంటిది.

వాల్వు సందు సర్దడం కూడా ఇక్కడే చెప్పేస్తాను. సిలిండర్ మొదట్లో కుడివైపు ఉన్న చిన్న మూత తీస్తే, కింది నుంచి రాకర్లను నెట్టే పుష్ రాడ్లు కనిపిస్తాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వులు రెండూ మూసుకుని ఉన్నప్పుడు, రాడ్డు రెండు వేళ్ల మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. దీనికి ఫీలర్ గేజీ అక్కర లేదు.

చక్రాలు, బ్రేకుల విషయంలో పెద్దగా చర్చించవలసింది లేదు. టైర్ల మీది గాడులు ఎంత లోతుగా కనిపించినా టైర్లు మార్చండి, రెండు చక్రాలకూ 3.25-19 కొలతే. కేబుల్స్ అన్నీ కొత్తవి. హ్యాండిల్ బేరింగుల్లో, చక్రాల బేరింగుల్లో గ్రీజు సబ్బులా ఎండిపోయి ఉంటుంది, తీసి కొత్తది పెట్టాలి. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి, ఆనాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవండి. లైనింగు షూ నుంచి ఊడుతోందేమో గోరుతో లేపి చూడండి. ఊడిన లైనింగు డ్రమ్ములో అడ్డంపడితే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంకొకటి, మీరు ఇన్నాళ్లూ కొత్త బళ్లే నడిపి ఉంటారు. ఈ బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. అత్యవసరంగా ఆపవలసి వచ్చినప్పుడు మీ కుడికాలు పాత అలవాటు కొద్దీ గేరును తొక్కుతుంది. వారం రోజులు ఖాళీ మైదానంలోనే తిరగండి.

రంగు విషయంలో మొదటి మెకానిక్ మాటను నేను అసలు ఒప్పుకోను. ఆ రోజుల్లో తిరువొత్తియూరులో ట్యాంకు మీది బంగారు గీతలను చేత్తో, కుంచెతో గీసేవారు. దగ్గరగా చూస్తే గీత మొదలైన చోట కాస్త మందంగా, ముగిసిన చోట సన్నగా ఉండడం కనిపిస్తుంది. మీ నాన్నగారి మోకాళ్లు తగిలి నున్నబడిన చోటు కూడా ఆ ట్యాంకు మీదే ఉంటుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, పాలిషింగ్ కాంపౌండు, ఓపిక: వీటితో ఎంత వస్తే అంతే చాలు. తుప్పు లోహాన్ని తింటున్న మడ్‌గార్డులకు మాత్రం రంగు వేయించవచ్చు. సామాను కోసం ఆటోనగర్, చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో కరోల్‌బాగ్ తిరిగితే ఈ బండికి దొరకనిది తక్కువ. అయితే మీ బండి నుంచి విప్పిన పాత సామానును, కొత్తది బిగించి నడిపి చూసేదాకా ఎవరికీ ఇవ్వకండి, పాతదాన్నే బాగుచేసుకోవడం మేలనిపించే సందర్భాలు చాలా వస్తాయి.

కాగితాల గురించి మీరు అడగలేదు కానీ, ఒక్క పైసా ఖర్చుపెట్టే ముందు చూడవలసింది అదే. ఆర్‌సీ పుస్తకం తీసి, అందులోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చండి. 1989కి ముందటి మూడక్షరాల నంబరు కాబట్టి కంప్యూటర్ రికార్డుల్లోకి ఎక్కి ఉండకపోవచ్చు, అలాంటప్పుడు పుస్తకంతో ఆర్‌టీఓ కార్యాలయానికి వెళ్లి ఎక్కించుకోవాలి. యజమాని మరణించిన తర్వాత వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, గడువు తీరిన రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించడానికి ఫారం 25. పొడిగింపుకు బండి నడిచే స్థితిలో చూపించాలి. 2021లో కేంద్రం పాత బళ్ల కోసం వేరుగా వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది గాని, అది 50 ఏళ్లు దాటిన బళ్లకే, పైగా అలా నమోదైన బండిని రోజువారీ పనులకు నడపకూడదు. మీ బండికి 2028 దాకా ఆ ప్రశ్నే రాదు, నడుపుకోవాలనుకుంటే ఆ తర్వాతా అది మీకు లాభం కాదు.

ఇక మొదటి కిక్. సాయంత్రం కాకుండా పొద్దున్నే పెట్టుకోండి, వెలుతురు కావాలి. నిప్పు ఆర్పే సిలిండర్ లేకపోతే ఒక బకెట్ ఇసుక పక్కన ఉంచండి. ట్యాపు తెరిచి, ఎక్కడా కారడం లేదని ఐదు నిమిషాలు చూడండి. ఇగ్నిషన్ తాళం ఆన్ చేసి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ కరెంటు చూపే ఆమీటరు ముల్లును చూడండి. పాయింట్లు మూసి ఉన్నప్పుడు ముల్లు ఒక పక్కకు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. కంప్రెషన్ గట్టిగా అడ్డుకున్న చోట డీకంప్రెషర్ నొక్కి, ముల్లు మధ్యకు వచ్చి కాస్త దాటేదాకా కిక్‌ను దించి, డీకంప్రెషర్ వదిలి, కిక్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు కిక్ ఇవ్వండి. బలం కాదు, కింది దాకా వెళ్లడం ముఖ్యం. ఈ వరస తప్పి కొడితే కిక్ వెనక్కి తన్ని పిక్క మీద దెబ్బ తగులుతుంది, మీ నాన్నగారి తరం వాళ్లలో ఆ దెబ్బ తినని బుల్లెట్ మనిషిని నేను చూడలేదు.

లేచాక యాక్సిలరేటర్ ఇచ్చి గర్జింపజేయకండి. ఐడిల్ కంటే కాస్త ఎక్కువలో ఉంచి, వెంటనే రాకర్ గొట్టపు బోల్టును వదులు చేసి ఆయిల్ వస్తోందని చూసి బిగించండి. రెండు నిమిషాలకు ఆపండి. పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించి, పుష్ రాడ్లు మళ్లీ చూసి, అడుగున ఎక్కడ తడి ఉందో చూడండి. రెండోసారి ఐదు నిమిషాలు, మూడోసారి ఊరి చివర దాకా. వంద కిలోమీటర్లకు ఆయిల్ మార్చేయండి, ఎందుకంటే మొదటి ఆయిల్ లోపలి మురికినంతా కరిగించుకుని వస్తుంది. బోరు కొట్టించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటవద్దు. ఒకే వేగంతో చాలాసేపు నడపకుండా, వేగం మారుస్తూ ఉండండి.

రెండు వారాలలో ఇదంతా పూర్తవుతుందా అంటే, కాదు. సిలిండర్ లేపి, గోరు పరీక్ష, రాడ్డు పరీక్ష, ఆయిల్ దారి పరీక్ష చేయడం దాకా ఈ సంక్రాంతికి పెట్టుకోండి. సిలిండర్‌ను లేత్‌కు ఇచ్చి, ఇంజన్ నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి, పైన పాలిథిన్ కట్టి, బండిని ఇంటి వసారాలోకి మార్చి వెళ్లండి. మిగతాది ఉగాదికి చేయవచ్చు. ఆ మూడు పరీక్షల్లో ఏది ఎలా వచ్చిందో, పిస్టన్ నెత్తి మీద ఏ అంకె ఉందో రాయండి, అప్పుడు ఏ సామాను కొనాలో చెబుతాను.